ట్యాంకు సగమయ్యాక ఆగిపోయే ఇంజన్

మే, మొదటి ఆదివారం

డెట్రాయిట్ శివార్లలో చలి తగ్గింది, చెరువులో మంచు కరిగి చాలా రోజులైంది. చలికాలమంతా గరాజ్‌లో బాగుచేసుకున్న పాత కె అండ్ బి 3.5 ఔట్‌బోర్డ్, రిమోట్‌తో నడిపే చిన్న మోడల్ పడవ ఇంజన్, ఇవాళ మొదటిసారి నీళ్లలో దిగింది. 3.5 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, నీళ్లతో చల్లబడుతుంది, టనెల్ హల్ (అడుగున గాలి పోయే సొరంగం ఉండే) పడవ వెనక బిగుస్తుంది. స్వాప్ మీట్‌లో, అంటే పాత సామాన్ల సంతలో, కొన్న రోజు ఫ్లైవీల్ కదల్లేదు. ఫ్యూయల్‌లో కలిపే ఆముదం, ఎన్నేళ్ల కిందటిదో, లోపల ఎండి బెల్లంపాకంలా పట్టేసింది. రెండు రోజులు మిథనాల్‌లో నానబెడితే వదిలింది. కార్బురేటర్ మాత్రం పూర్తిగా విప్పి, రబ్బరు ఓ-రింగులు పక్కన పెట్టి, లోహపు ముక్కల్ని అసిటోన్‌తో కడిగాను. ఫ్యూయల్ వచ్చే సన్నటి రంధ్రం, అంటే జెట్‌లో పిన్ను పెట్టి పొడవలేదు, గాలి కొట్టానంతే. ఇత్తడి మెత్తన, ఒక్క గీత పడ్డా మిక్స్చర్ కుదరక చస్తాం.

ఫ్యూయల్ ఎంత పోవాలో తేల్చే మెయిన్ నీడిల్ పూర్తిగా మూసి, రెండున్నర చుట్లు తెరిచి స్టార్ట్ చేశాను. మూడో లాగుకే అందుకుంది. రెండు నిమిషాలు బ్రహ్మాండంగా తిరిగింది. తర్వాత గొంతు సన్నబడి, ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. చెరువు మధ్యలో. తెడ్డు పడవ వేసుకుని వెళ్లి తెచ్చుకున్నాను.

కీచుమంటే లీన్, అంటే ఫ్యూయల్ చాలట్లేదు. నీడిల్ అర చుట్టు తెరిచాను. మళ్లీ అదే. ఇంకో అర చుట్టు. ఈసారి మొదట్లో బొళబొళమని తడిగా, పొగ కక్కుతూ పోయి, మధ్యలో శుభ్రంగా పలికి, చివరికి మళ్లీ కీచు. సాయంత్రానికి నీడిల్ దాదాపు నాలుగు చుట్లు తెరిచి ఉంది. ఇలా నీడిల్ తిప్పుతూ కూర్చోవడం నాకున్న పెద్ద జబ్బు.

రెండో ఆదివారం

ఫ్యూయల్‌ని అంటించే గ్లో ప్లగ్ మార్చాను. నిరుటి డబ్బాలో సగం మిగిలిన ఫ్యూయల్ పక్కన పెట్టి, 20 శాతం నైట్రో (నైట్రోమీథేన్) ఉన్న కొత్త డబ్బా తెరిచాను. ఈ ఫ్యూయల్‌లో ఎక్కువ భాగం మిథనాలే. మిథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, సగం ఖాళీ డబ్బాలో మరీను. ఫిల్టర్ విప్పితే జాలీ మీద ఏదో జిగురు, అదీ కడిగాను. ఇంజన్ ఇంకాస్త తేలిగ్గా స్టార్ట్ అయింది, కానీ రెండు నిమిషాలకు మామూలే.

రాత్రి నాన్నతో మాట్లాడుతూ మాటల్లో ఇది చెప్పాను. తెనాలి దగ్గర మా ఊళ్లో కాలవ మీద ఆయిల్ ఇంజన్ పెట్టి పాతికేళ్లు పొలం తడిపిన మనిషి.

"ఎంత పడుతుందిరా ట్యాంకు?"

"120 మిల్లీలీటర్లు. నాలుగు నిమిషాలు రావాలి."

"నాలుగు నిమిషాలకే అయిపోతుందా? తాగుబోతు ఇంజన్‌రా అది!"

మిథనాల్ సంగతే అంత. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలు కాలడానికి 14.7 వంతుల గాలి కావాలి, మిథనాల్‌కి 6.5 వంతులు చాలు. అంటే అదే గాలికి రెట్టింపు పైన ఫ్యూయల్ పోవాలి. ఇదంతా వివరించబోతే నాన్న మధ్యలో ఆపాడు.

"నిండు ట్యాంకుతో ఆడి, సగమయ్యాక ఆగుతోందా? అయితే గాలి లాగుతోంది. డెలివరీ పైపు లీకైతే నీళ్లు బయటికొస్తాయి, కనపడతాయి. సక్షన్ పైపు లీకైతే బయటికేం రాదు, గాలి లోపలికి పోతుంది. పైపు చూడు, ఇంజన్‌ని వదిలెయ్."

శనివారం, గరాజ్

బయటి సిలికాన్ ట్యూబు అంగుళం అంగుళం చూశాను, బాగానే ఉంది. ట్యాంకు ఊడదీశాను. లోపల ఫ్యూయల్ లాగే చిన్న ట్యూబు, దాని కొసన బరువు కోసం క్లంక్ అనే లోహపు ముక్క ఉంటాయి కదా. చూడ్డానికి ట్యూబు కొత్తదానిలా ఉంది. బొటనవేలితో వంచేసరికి, ఇత్తడి గొట్టం మీదికి ఎక్కిన చోట, పైవైపు, సన్నటి చీలిక చేప మొప్పలా తెరుచుకుంది. వేలు తీస్తే మూసుకుపోతుంది, కంటికి ఆనదు.

అప్పుడు అంతా అర్థమైంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆ చీలిక ఫ్యూయల్‌లో మునిగి ఉంటుంది, లాగినా ఫ్యూయలే వస్తుంది. మట్టం దానికంటే కిందికి దిగగానే గాలి పీలుస్తుంది. నీడిల్ ఎక్కువ తెరిస్తే మొదటి సగం రిచ్, అంటే ఫ్యూయల్ ఎక్కువ, రెండో సగం లీన్. ఎక్కడ పెట్టినా తప్పే.

చీలడానికి కారణం నేనే. ఇత్తడి గొట్టం కోసినప్పుడు అంచు నున్నగా చేయలేదు, అది ట్యూబుని లోపలినుంచి కోసింది. ఎమరీ పేపర్‌తో అంచు గుండ్రం చేసి, కొత్త ట్యూబు వేశాను. క్లంక్ ట్యాంకు వెనక గోడకు తగలకుండా నాలుగైదు మిల్లీమీటర్లు దూరం ఉండాలి, ట్యాంకు ఎటు వంచినా స్వేచ్ఛగా పడాలి. పడవ ఉరికినప్పుడు ఫ్యూయల్ వెనక్కే పోతుంది కాబట్టి క్లంక్ వెనకే ఉండాలి. తర్వాత ట్యాంకుని బకెట్ నీళ్లలో ముంచి, ఒక గొట్టం వదిలి మిగతావి వేళ్లతో మూసి ఊదాను. మూత దగ్గర ఒక్క బుడగ వచ్చింది. మధ్య స్క్రూ పావు చుట్టు బిగిస్తే అదీ ఆగింది.

మూడో ఆదివారం

నీడిల్ మళ్లీ రెండున్నరకి. ఒడ్డు మీద పది సెకన్లకి మించి తిప్పను, కూలింగ్‌కి నీళ్లు అందవు. మోకాలి లోతులో క్లబ్బు పెద్దాయన ఒకరు పడవని ప్రొపెల్లర్‌కి దూరంగా పట్టుకున్నారు. మొదట ఫుల్ త్రాటిల్ సెట్ చేయాలి, ఐడిల్ (ఇంజన్ నెమ్మదిగా తిరిగే వేగం) తర్వాతే. ఒక్కో రౌండుకి అరపావు చుట్టు మూస్తూ వెళ్లాను. బొళబొళ పోయి గొంతు సాఫీ అయ్యాక, ఇంకా తెల్లటి పొగ చార కనిపిస్తుండగానే ఆపాను. ఇంకాస్త స్పీడు ఆశపడితే పిస్టన్ పోతుంది.

ఐడిల్‌కి చిటికె పరీక్ష. కార్బురేటర్ పక్కన ట్యూబు వేళ్లతో నొక్కాలి. వెంటనే చచ్చిపోతే లీన్, చాలాసేపు స్పీడు పెరుగుతూ పోతే రిచ్. నాది క్షణం పాటు కొంచెం లేచి ఆగింది. బాగుంది. ట్యాంకు మొత్తం అయిపోయేదాకా, నాలుగు నిమిషాలకి పది సెకన్లు తక్కువ, పడవ ఆగలేదు.

ఒక జాగ్రత్త: మిథనాల్ మంట ఎండలో కనపడదు. అందుకే తడిగుడ్డ, నీళ్ల బకెట్ దగ్గరుంచుకున్నాను. చేతులకి నైట్రైల్ గ్లోవ్స్.

ఇంటికొచ్చేముందు ట్యూబు పీకి, లోపలున్న ఫ్యూయల్ కాలిపోయేదాకా తిప్పి, కార్బురేటర్‌లో నాలుగు చుక్కల నూనె వేశాను. బేరింగులు తుప్పు పట్టకుండా.

ఇంకొకటి మిగిలింది. ఫుల్ నుంచి త్రాటిల్ మూస్తే ఐడిల్ వెంటనే దిగట్లేదు, నాలుగైదు సెకన్లు పైనే వేలాడుతోంది. ఐడిల్‌లో ఉండగా కార్బురేటర్ మెడ చుట్టూ ఒక చుక్క నూనె వేస్తే శబ్దం మారింది. అక్కడా గాలే. ఓ-రింగు గట్టిపడిపోయింది. నాన్నకి చెప్తే సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి వెయ్యమన్నాడు. ఇది డీజిల్ కాదు నాన్నా, స్పిరిట్ లాంటిది, ఏ రబ్బరు పడితే ఆ రబ్బరు ఆగదన్నాను.

"అయితే కొత్తదే కొనుక్కో. రెండు కొను."

నాలుగు ఆర్డర్ చేశాను. గురువారం వస్తాయట.