జన్నారం టేకు చెట్టు బరువెంత?

చెట్టు బరువు కొలవడం నా ఉద్యోగం అంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. "నరకకుండ ఎట్ల తూస్తరే?" అంటుంది. తూచం. టేపు చుట్టి లెక్క కడతాం.

మంచిర్యాల జిల్లా జన్నారం వైపు ఒకప్పుడు కలప కోసం కూపులు (నరకడానికి గుర్తుపెట్టిన అడవి ముక్కలు) నరికిన టేకు అడవుల్లో మా పని. కొలవడానికి హద్దులు గీసుకున్న ఒక్కో ప్లాట్ 0.1 హెక్టారు, అంటే దాదాపు పది గుంటలు. ఒక్కో వైపు 31.62 మీటర్లు. అందులోని చెట్లకు నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీయాలి. ప్రతి చెట్టు దగ్గరా ఆ ఎత్తు కొలిచే ఓపిక ఎవరికుంటుంది? అందుకని సరిగ్గా అంతే పొడవున్న వెదురు కర్ర వెంట ఉంచుకుంటాం. వాలు నేలైతే కర్రను ఎగువ వైపు నిలబెట్టాలి. ఆ ఎత్తుకు కిందే చెట్టు రెండుగా చీలితే రెండు చెట్లుగా రాయాలి. మొద్దు నుంచి మళ్లీ చిగురించిన టేకులో ఇది మామూలే. బెరడు మీద తీగ పాకితే దాన్ని లేపి కింద నుంచి టేపు దూర్చాలి. అక్కడ ఎర్రచీమలుంటే మీ ఖర్మ.

ఇంత పట్టింపు ఎందుకంటే, లెక్కలో వ్యాసం దాదాపు వర్గమవుతుంది. చుట్టుకొలత 94 సెంటీమీటర్లంటే వ్యాసం 30. టేపు వంకరగా పడి 97 వచ్చిందనుకోండి, చెట్టు బరువు 6 శాతం పైగా పెరిగిపోతుంది. ఎత్తు 18 మీటర్లు, కలప సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.55 గ్రాములు అనుకుంటే, ఉష్ణమండల చెట్ల బరువు లెక్కకు 2014లో వచ్చిన సూత్రం ప్రకారం ఆ 30 సెంటీమీటర్ల చెట్టు, వేర్లు కాకుండా, తేమంతా పోయాక సుమారు 480 కిలోలు. అందులో దాదాపు సగం కార్బన్.

ఎత్తు తీయడానికి ఎండాకాలమే నయం. టేకు ఆకు రాల్చేసి కొన చూపిస్తుంది. వానాకాలంలో ఆ చేటంత ఆకుల కింద నిలబడితే ఆకాశమే కనపడదు.

మాతో వచ్చే వాచర్ అన్నకు టేపుతో పనిలేదు. లావుపాటి చెట్టు కనిపిస్తే గొడ్డలి వెనక వైపుతో రెండు దెబ్బలు కొట్టి వింటాడు. "ఇది డొల్ల మేడం. లోపలేం లేదు, మీరు ఊకె రాసుకుంటున్నరు" అంటాడు. మా సూత్రం మాత్రం దాన్నీ గట్టి చెట్టుగానే తూస్తుంది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి నైసార్ అనే రాడార్ ఉపగ్రహం వెళ్లాక "ఇంకా టేపులెందుకు?" అని అడిగే ఫ్రెండ్స్ ఎక్కువయ్యారు. రాడార్‌కు దొరికేది చెట్లకు తగిలి వెనక్కి వచ్చిన సిగ్నల్. దాన్ని టన్నుల్లోకి మార్చాలంటే నేల మీద కొలిచిన ప్లాట్లు కావాలి. పైగా హెక్టారుకు సుమారు 100 టన్నులు దాటాక నైసార్ వాడే ఎల్-బ్యాండ్ రాడార్ తరంగాలకు చిక్కటి అడవికీ ఇంకా చిక్కటి అడవికీ తేడా సరిగ్గా తెలియదు. మా ప్లాట్లో తప్పుంటే అదే ఉపగ్రహం మ్యాపుకెక్కుతుంది.

డొల్ల చెట్లకు మా ఫారంలో గడి లేదు, రిమార్క్స్‌లో రాస్తున్నాను. ఎంత మేర డొల్లో తెలియాలంటే కాండానికి సన్నటి బెజ్జం వేసి చూడాలి. మా ప్లాట్లున్న కవ్వాల్ టైగర్ రిజర్వ్‌లో టేకుకు బెజ్జం వేస్తానంటే పర్మిషన్ ఎవరిస్తారు?