బుడగ మధ్యలోనే ఉంది

విల్లుకు తగిలించే రాడ్డు మారిస్తే అయిదు పాయింట్లు పెరుగుతాయట. గ్రౌండులో షెడ్డు కింద నా పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి ఈ సాయంత్రం సెలవిచ్చారు. నేను అడగలేదు. ఆయన కూతురూ మా చిన్నదీ ఒకే వరసలో నిలబడి బాణాలు వేస్తారు కాబట్టి సలహా ఇచ్చే హక్కు దానంతటదే వచ్చేసిందని ఆయన అభిప్రాయం. అయిదే ఎందుకు, ఆరు ఎందుకు కాకూడదు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇంటికొచ్చి, వంట ముగించి, అత్తయ్యకు మాత్రలిచ్చి పడుకుంటే మింగిన మాట అరగడం లేదు. అందుకే ఈ టపా.

విల్లు కొన్న రోజున ఖర్చు అయిపోయిందనుకున్నాం. ఖర్చు మొదలయ్యేదే ఆ రోజున. ముందు గురి చూసే సైటు. సైటుకు స్కోపు. స్కోపులో భూతద్దం. భూతద్దం శక్తి పెంచితే లక్ష్యం మసకబారుతుంది కనుక అల్లెతాడులో ఉండే పీప్‌కు, అంటే కన్ను పెట్టి చూసే రంధ్రానికి, ఇంకో బుల్లి అద్దం. తాడు లాగి వదలడానికి వేళ్ళు పనికిరావట, దానికి రిలీజు. ఆపైన ముందుకు పొడుచుకొచ్చే పొడుగు రాడ్డు, పక్కకు తిరిగిన పొట్టి రాడ్డు, వాటి చివర ఔన్సుల లెక్కన బరువు బిళ్ళలు. వీటన్నిటి మధ్యలో విల్లు ఎక్కడో ఉంటుంది, వెతుక్కోవాలి.

బంధువులు వచ్చారంటే అర్జునుడి చేప సంగతి ఎత్తకుండా కాఫీ తాగరు. మత్స్యయంత్రానికి స్కోపు ఉందా అమ్మా అని నవ్వుతారు. నీళ్ళలో నీడ చూసి కొట్టాడంటే అద్దం వాడినట్టే కదా పెదనాన్నా అని మా చిన్నది వెంటనే అంటుంది. ఆ జవాబు మాత్రం నాకు భలే ఇష్టం.

ఈ ఊళ్ళో విల్లు పట్టిన పిల్లలందరికీ జ్యోతి సురేఖే ఆదర్శం. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆమె మూడు బంగారు పతకాలు గెలిచినప్పటి నుంచి అది మరీ ఎక్కువైంది. పిల్లల సంగతి సరే. ఆమె ఫొటోను ఫోనులో పెద్దది చేసి, రాడ్డు పొడవెంత, చివర బిళ్ళలెన్ని అని లెక్కపెట్టే తండ్రులను చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. అయిదేళ్ళైనా నిండకుండా ఆమె కృష్ణానది ఈదింది. ఆ లెక్క ఎవరికీ అక్కర్లేదు, అంగడిలో దొరకదు కదా.

అసలు సంగతికి వస్తాను. చిన్నదాని బాణాలు కొంతకాలంగా ఒక వింత చేస్తున్నాయి. 30 మీటర్ల దగ్గర నడిమధ్యన దిగుతాయి. 50 మీటర్లకు వెళ్ళగానే అన్నీ కలిసికట్టుగా కుడికి జరుగుతాయి. చెల్లాచెదురైతే చెయ్యి వణికిందని అనుకోవచ్చు. అన్నీ ఒకే చోట గుంపుగా దిగి, ఆ గుంపే పక్కకు పోతే వణుకు ఎలా అవుతుంది? సైటు నాబ్ కాస్త తిప్పేస్తే సరిపోతుందని అందరూ అంటారు. 50 దగ్గర సరిపోతుంది. తిరిగి 30కి వస్తే గుంపు ఎడమకు పోతుంది. ఆ పిల్ల నాబ్ తిప్పలేక విసిగిపోతోంది. దీనికి ఆ పెద్దమనిషి సూచించిన మందు కొత్త కార్బన్ రాడ్డు. రాడ్డు వణుకును తగ్గిస్తుంది. ఇక్కడ వణుకే లేదు మహాప్రభో.

స్కోపు అడుగున ఒక చిన్న గాజు గొట్టం ఉంటుంది, దానిలో ద్రవం, ద్రవంలో బుడగ. మేస్త్రీల లెవెల్లో ఉండేదే, కాకపోతే అంగుళం కూడా ఉండదు. విల్లు పక్కకు వాలలేదని చెప్పడమే దాని పని. ఒలింపిక్స్‌లో ఇన్నాళ్ళూ మనం చూస్తున్న రికర్వ్ విల్లుకు ఈ బుడగను గానీ భూతద్దాన్ని గానీ నిబంధనలు ఒప్పుకోవు. మా చిన్నది పట్టే కాంపౌండు విల్లుకే ఆ భోగం. బాణం 50 మీటర్లు పోయేసరికి బరువుకు సుమారు రెండు మీటర్లు కిందికి దిగుతుంది. ఆ దిగుడుకు సరిపడా ముందే పైకి గురిపెట్టి వదులుతాం. విల్లు ఒక్క డిగ్రీ కుడికి వాలితే ఆ పైకి పెట్టిన గురి కూడా అంతమేరా కుడికి వాలుతుంది. లెక్క వేస్తే మూడున్నర సెంటీమీటర్లు. కాంపౌండుకు వాడే లక్ష్యంలో పది పాయింట్ల వలయం మొత్తం వెడల్పే ఎనిమిది సెంటీమీటర్లు. అంటే నడిబొడ్డున దిగాల్సిన బాణం అంచుకు పోతుంది. దగ్గర్లో దిగుడు తక్కువ కాబట్టి తప్పూ తక్కువే. 30 దగ్గర దాక్కున్న దొంగ 50 దగ్గర బయటపడేది అందుకే.

బుడగ మధ్యలోనే ఉందమ్మా, నేను ప్రతిసారీ చూస్తున్నాను అంటుంది చిన్నది. అక్కడే నాకు నాన్న గుర్తొచ్చారు.

కాలువ పనులకు కొలతలు తీసే నాన్న ఉద్యోగం సంగతి ఇక్కడ చాలాసార్లు రాశాను. సాగర్ ఎడమ కాలువ పనుల మీద తిరువూరు వైపు తిరిగే రోజుల్లో, వేసవి సెలవుల్లో నన్నూ జీపులో ఎక్కించుకునేవారు. నాకు ఒక ఉద్యోగం ఇచ్చారు, గొడుగు పట్టడం. మొదటి రోజు నాన్న తలకు పట్టాను. "నాకు కాదమ్మా, దానికి పట్టు" అన్నారు. అది అంటే మూడు కాళ్ళ స్టాండు మీద కూర్చున్న లెవెల్ పరికరం. ఎండ ఒక పక్క తగిలితే గొట్టంలో బుడగ జరుగుతుందట. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయి, చెవుల వెనక నుంచి చెమట కారుతుంటే ఇత్తడి మరలను రెండు బొటనవేళ్ళతో ఒకేసారి లోపలికి, ఒకేసారి బయటికి తిప్పుతూ బుడగను మధ్యకు తెచ్చేవారు. పరికరం మాత్రం నీడలో జమీందారులా ఉండేది. నల్లరేగడిలో స్టాండు కాలు ఒకటి మెల్లగా దిగబడితే, అప్పటిదాకా తీసిన కొలతలు కొట్టేసి మళ్ళీ మొదలు. కొలత కర్ర పట్టుకుని దూరంగా నిలబడిన మనిషి ఏమని తిట్టుకునేవాడో గాని, పైకి "అలాగే సార్" అనేవాడు.

అన్నిటికన్నా విసుగు పొద్దున్నే చేసే పరీక్ష. నేలలో రెండు మేకులు పాతించి, వాటికి సరిగ్గా మధ్యన పరికరం పెట్టి రెండింటి ఎత్తుల తేడా చూసేవారు. తర్వాత పరికరాన్ని ఒక మేకు పక్కకు తెచ్చి మళ్ళీ చూసేవారు. తేడా రెండుసార్లూ ఒకటే రావాలి. మధ్యన ఉన్నప్పుడు పరికరంలో దోషం ఉన్నా రెండు వైపులా సమానంగా పడి కొట్టుకుపోతుంది. పక్కకు తెస్తే దొరికిపోతుంది. "బుడగ మధ్యలోనే ఉంది కదా నాన్నా, ఇంకెందుకు ఇదంతా" అని ఒకసారి అడిగాను. "బుడగ మధ్యలో ఉంటే గొట్టం సరిగ్గా ఉన్నట్టు. గొట్టాన్ని పరికరానికి ఎవరో ఒకరు బిగించారుగా, వాళ్ళు సరిగ్గా బిగించారని బుడగకేం తెలుసు?" అన్నారు. అప్పుడు నా ధ్యాసంతా జీపులో ఉన్న పులిహోర మీద. అయినా మాట ఎలా నిలిచిపోయిందో.

మా స్కోపు గొట్టం కూడా సైటు కడ్డీకి సరిగ్గా అడ్డంగా కూర్చోలేదేమో. అలాగైతే బుడగను మధ్యలో పెట్టిన ప్రతిసారీ ఆ పిల్ల బుద్ధిగా విల్లును వంచుతున్నట్టే. రాత్రి మరిదికి ఫోన్ చేశాను. ఆటోనగర్‌లో వాళ్ళ షెడ్డులో పెద్ద వైస్ ఉంది. "తీసుకురా వదినా, రబ్బరు పెట్టి బిగిద్దాం. గుండు దారం వేలాడదీసి కడ్డీని దానికి సరిచూసుకుని, తర్వాత స్కోపు తిప్పితే పోతుంది, అలెన్ కీ పని" అన్నాడు. ఎంత తీసుకుంటావు అంటే నవ్వాడు. అమ్మిన దుకాణం వాళ్ళు ఈ మాట ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాదు. బిగించి ఇచ్చేటప్పుడు బుడగ మధ్యలో ఉందని చూపించి మరీ ఇచ్చారు.

ఇంతవరకూ రాసి ఇక పడుకుందామనుకున్నాను. ఫోన్ మాటలు విన్నట్టుంది, చిన్నది హాల్లోకి వచ్చింది. "నీ బుడగ మంచిది, నా రాడ్డు చెడ్డదా?" అంది. చదువుకోవలసిన రాత్రి ఈ తర్కం ఒకటి. రాడ్లు విప్పేసిన విల్లు నా చేతికిచ్చి, ఎదురుగా ఉన్న క్యాలెండర్‌లో ఏకాదశి గడి మీద స్కోపులోని చుక్క పెట్టమంది. తాడు లాగనివ్వలేదు, బాణం లేకుండా లాగి వదిలితే విల్లు పాడవుతుంది. ఊరికే చెయ్యి చాచి పట్టుకున్నా చుక్క దశమి, ద్వాదశి, కింద రాహుకాలం అన్నీ తిరిగొచ్చింది. రాడ్లు బిగించి మళ్ళీ ఇచ్చింది. విల్లు బరువెక్కింది, చుక్క నెమ్మదించింది. ఆగలేదు, కదులుతూనే ఉంది గాని ఏకాదశి చుట్టూనే తిరిగింది. గడి దాటబోతుంటే నాకు తెలిసేంత వ్యవధి ఉంది.

కాబట్టి రాడ్డు దండగ అన్నట్టు పైన రాసింది కొంచెం తగ్గించుకుంటాను. చివరన పెట్టిన బరువు మెలితిప్పే ప్రతి కుదుపునూ ఎదిరిస్తుంది. అదే బరువును రెండింతల దూరంలో పెడితే ఎదిరింపు నాలుగింతలు. 1961లో అమెరికాలో ఎర్ల్ హోయ్ట్ అనే విల్లుల తయారీదారు విల్లుకు ఇలాంటి బరువులు తగిలించినప్పుడు పట్టుకున్న కిటుకు ఇదే. మరి కాంపౌండు విల్లుకే ఇంత తతంగం ఎందుకంటే, దానికి కప్పీలు ఉన్నాయి. మిస్సోరీకి చెందిన హోలిస్ విల్బర్ అలెన్ 1969లో పేటెంట్ పొందిన ఏర్పాటు అది. పూర్తిగా లాగాక బరువులో చాలా భాగాన్ని కప్పీలే మోస్తాయి. మనిషికి గురి చూసే తీరిక దొరుకుతుంది. తీరిక దొరికితే మనిషి ఊరుకుంటాడా, అద్దమూ బుడగా చుక్కా అన్నీ తెచ్చిపెట్టుకున్నాడు.

ఆ తీరికలో ఎంత సన్నని లెక్క నడుస్తోందో కాగితం మీద వేసి చూశాను. కంటి దగ్గరి పీప్‌కూ ముందున్న స్కోపుకూ మధ్య దూరం మా చిన్నదానికి 85 సెంటీమీటర్లు. లక్ష్యం 50 మీటర్లు. స్కోపు ఒక మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు పక్కకు జరిగితే బాణం నడిమధ్య నుంచి పది అంచుకు పోతుంది. వదులైన ఒక మర చాలు. మరను ఎవరూ ఫొటో తీసి పెద్దది చేసి చూడరు.

అయితే ఆ పెద్దమనిషి అన్నది నిజమా? కాదు. రాడ్డు పనిచేస్తుందన్నది నిజం. మాకున్న రాడ్డు తీసేసి కొత్తది కొంటే అయిదు పెరుగుతాయన్నది ఆయన సొంత కవిత్వం. కావాలంటే ఉన్నదాని చివర ఇంకో బిళ్ళ తగిలించి చూడొచ్చు. అది కూడా మరిదినే అడిగాను. లేత్ మీద ఇనుప బిళ్ళ తిప్పడం పెద్ద పని కాదట. చిక్కంతా మరతోనే. రాడ్డు మీద ఉన్నది అంగుళంలో పదహారింట అయిదు వంతుల మందం, అంగుళానికి 24 చుట్లు. వాళ్ళ దగ్గర నిత్యం వాడేవన్నీ మిల్లీమీటర్ల మరలు. ఆ మర కోసే ట్యాప్ కోసం వెతకాలన్నాడు. బిళ్ళ దొరికినా మరో అనుమానం ఉంది. అర్హత పోటీలో బాణాలు 72. మొదటి పన్నెండుకు బాగున్న బరువు చివరి పన్నెండుకు భుజాన్ని కిందికి లాగేస్తే? అలసిపోయేది ఆ పిల్ల, నేను కాదు.

చెప్పడం మరిచాను, ఈ రోజు ఆఖరి ఆరు బాణాలూ లక్ష్యం నడిమి పసుపులోనే పడ్డాయి. నాబ్ తిప్పుకునే వేసింది లెండి.

భూతద్దం సంగతి ఇంకా తేలలేదు. నాలుగు రెట్లదే ఉంచాలా, ఆరు రెట్లది తీసుకోవాలా? ఆరు రెట్లదైతే లక్ష్యం పెద్దగా కనిపిస్తుంది, దానితో పాటు తన వణుకూ అంతే పెద్దగా కనిపించి భయం వేస్తుందట. నాలుగే చాలు అంటుంది తను. కంటి డాక్టరు దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళి తర్వాత చూద్దాం అంటారు మా ఆయన. ఆయన ఏ ఖర్చునైనా తర్వాత చూద్దాం అనే అంటారు, ఈసారి మాత్రం నేనూ ఆయన పక్షమే. ఆటోనగర్‌కు పదింటికల్లా రమ్మన్నాడు మరిది. విల్లు పెట్టె స్కూటర్ మీద పట్టదు, ఆటో మాట్లాడాలి.