రేటు ఒకటే, కారణాలు రెండు

ఎస్వీ యూనివర్సిటీలో రాజకీయాల మీద పరిశోధన చేస్తున్నానని తెలిస్తే చాలు, బంధువులు "ఈసారి ఎవురు గెలుస్తారమ్మా?" అని అడుగుతారు. నేను వెతుకుతున్నది వేరు. ఊరు రెండు వర్గాలుగా చీలి ఉన్నచోట ఒక మనిషికి అభిప్రాయం ఎక్కడినుంచి వస్తుంది? నా పనంతా ఈ ప్రశ్న చుట్టూనే.

2025 వేసవిలో తోతాపురి మామిడి రేటు పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం ఇంకో 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించారు. ఆ ఎనిమిది కూడా చేతికి రాని రైతులు చాలామంది. దామలచెరువు వైపు పక్కపక్కనే తోటలున్న ఇద్దరిని కలిశాను. "పోయినేటి గుజ్జే ఫ్యాక్టరీల్లో అట్లే ఉండాది, ఎవురొచ్చినా ఏం చేస్తారు?" అన్నాడు ఒకాయన. "గుజ్జూ లేదు గిజ్జూ లేదు, ఫ్యాక్టరీలోళ్లూ గవర్మెంటోళ్లూ ఒకటైపోయినారు" అన్నాడు రెండో ఆయన. ఇద్దరికీ లెక్క బాగా తెలుసు. కోత కూలి, ట్రాక్టర్ బాడుగ రూపాయి తేడా లేకుండా చెప్పారు. నష్టం దగ్గర ఒక్కటిగా ఉన్నవాళ్లు కారణం దగ్గరికొచ్చేసరికి విడిపోయారు.

ఈ సంగతి మీకు మొదట ఎవరు చెప్పారని అడిగాను. అప్పుడు తెలిసింది, ఇద్దరూ కూర్చునే టీ బంకులు వేరు. ఒక్కో బంకుకు ఒక్కో పేపర్ వస్తుంది. దాన్నీ అందరూ చదవరు, ఒక పెద్దమనిషి చదివి చెప్తే మిగతావాళ్లు వింటారు. 1940 అధ్యక్ష ఎన్నికలప్పుడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఈరీ కౌంటీలో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం నెలనెలా అవే మనుషుల్ని కలిసి ఓటు ఎవరికని అడిగింది. రేడియో, పత్రికల కంటే తెలిసిన మనిషి మాటే గట్టిగా పనిచేస్తోందని వాళ్లు గమనించారు. మా దగ్గర ఆ తెలిసిన మనిషే అప్పిస్తాడు, పెన్షన్ కాగితం కదిలిస్తాడు. ఆయన మాట కాదన్నవాడు మర్నాడు ఏ బంకులో టీ తాగాలి? పల్లెల్లో కులం చూసి, డబ్బు తీసుకుని ఓటేస్తారని తేల్చేసేవాళ్ల మీద నాకు కోపం ఇందుకే.

ఆడవాళ్లను అడిగితే వసారాలో కూర్చున్న మగవాళ్లే జవాబు చెప్తారు. ఢిల్లీలోని లోక్‌నీతి అనే పరిశోధన సంస్థ చేసే ఎన్నికల సర్వేల్లో ఓటు ఎవరికని నోటితో అడగరు. గుర్తులున్న నమూనా బ్యాలెట్ ఇచ్చి, మడిచి పెట్టెలో వేయమంటారు. నేనూ అదే పద్ధతి పట్టాను. ఒకామె గోడవైపు తిరిగి టిక్కు పెట్టి, కాగితం నాలుగు మడతలు వేసి, "మా ఇంట్లో చెప్పబాకమ్మా" అంది. అంతకుముందు మాత్రం "ఆయన ఎట్లంటే అట్లే" అన్న మనిషే.

నాకు ఆశ కలిగింది పాల కేంద్రం దగ్గర. పొద్దున, సాయంత్రం రెండు వర్గాలవాళ్లూ క్యాన్లతో ఒకే లైన్లో నిలబడతారు. మాటలన్నీ ఫ్యాట్ గురించి, దాణా రేటు గురించి. దాణా ఎందుకు పెరిగిందంటే అక్కడ మాత్రం రెండు వర్గాలూ ఒకే మాట చెప్పాయి. సమాన హోదాతో, ఉమ్మడి పని మీద కలిసేవాళ్ల మధ్య దురభిప్రాయాలు తగ్గుతాయని మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే రాశాడు. మా గైడు మాత్రం ఒక్క దాణా మాటతో ఏమీ తేల్చలేమంటున్నారు. నిజమే, దాణాకు పార్టీ అంటకపోవడమే కారణం కావచ్చు. అందుకే వచ్చే సీజన్లో మామిడి రేటు ప్రశ్ననే అవే మనుషుల్ని బంకు దగ్గర ఒకసారి, పాల లైన్లో ఒకసారి అడుగుతాను.