బొటనవేలి మొదట్లో నొప్పి

తడి తువ్వాలు పిండుతుండగా మొదటిసారి తెలిసింది. కుడి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపున సూది దిగినంత నొప్పి. నిద్రలో చెయ్యి ఒత్తుకుపోయి ఉంటుందిలే అనుకున్నాను. కొన్ని వారాలకు తాళంచెవి తిప్పడమే కష్టమైంది. నీళ్ల గ్లాసు పట్టుకుంటే జారిపోయేది.

అయినా రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. కారణం లోలోపల నాకు తెలుసు. అక్క దూరదేశం వెళ్లినప్పటి నుంచి రోజూ రాత్రి పడుకుని ఆమెకు ఫోనులో పెద్ద పెద్ద ఉత్తరాలు రాసేదాన్ని. ఒంటిచేత్తో పట్టుకుని, ఫోను అడుగున చిటికెన వేలు ఆనించి, బొటనవేలిని తెర అవతలి అంచు దాకా చాచి గంటలకొద్దీ రాసేదాన్ని. డాక్టరు దగ్గరికి వెళితే అది మానెయ్యమంటారేమోనని భయం.

చివరికి వెళ్లాను. బొటనవేలిని పిడికిలిలో ముడిచి, మణికట్టును చిటికెన వేలి వైపు వంచమన్నారు. వంచగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. దీని పేరు డి కెర్వేన్ వ్యాధి అన్నారు. 1895లో దీన్ని వివరించిన స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడి పేరు అది. బొటనవేలిని కదిలించే రెండు స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి, మణికట్టు దగ్గర ఇరుకైన తొడుగులోంచి సాగుతాయి. ఒకే కదలిక అదేపనిగా సాగితే ఆ తొడుగు మందమై, వాటిని ఒరుసుకునేలా చేస్తుంది. పసిబిడ్డలను మాటిమాటికీ ఎత్తుకునే తల్లులకూ ఇది వస్తుంది. వేళ్లలో తిమ్మిరి ఉందా అని రెండుసార్లు అడిగారు. ఉంటే నరం నొక్కుకుపోయిందేమో చూడాలట. నాకు లేదు.

బొటనవేలిని కూడా కదలనివ్వని పట్టీ ఆరు వారాలు వేసుకున్నాను. నొప్పి సగమే తగ్గింది. ఆ తర్వాత ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్, పిదప నెమ్మదిగా వ్యాయామాలు.

పట్టీకన్నా కష్టమైనవి ఉత్తరాలు రాయలేని ఆ రాత్రులు. రాతలో చెప్పుకోగలిగినవి నోటితో చెప్పలేనని నా నమ్మకం. నాలుగో రాత్రి ఇక ఉండబట్టలేక, స్పీకరు పెట్టి ఫోను దిండు పక్కన ఉంచి అక్కతో మాట్లాడాను. చాలాసేపు ఇద్దరమూ మౌనంగానే ఉన్నాం. ఆ మౌనం ఉత్తరాల్లో ఎన్నడూ వినిపించలేదు.

ఇప్పుడు ఫోను బల్ల మీద పెట్టి చూపుడు వేలితో రెండు వాక్యాలు రాస్తాను, అంతే. నిన్న అక్క అంది: "నీ ఉత్తరాలన్నీ దాచుకున్నానే. చెయ్యి పూర్తిగా బాగయ్యాక మళ్లీ రాద్దువుగాని."

"ఇంకొన్నాళ్లు మాట్లాడుకుందాం అక్కా" అన్నాను.