పైన నిప్పులు, కింద నిప్పులు

డిసెంబరు 24న రైలు ఆకివీడు దాటాక తెల్లవారింది. కిటికీకి రెండువైపులా చెరువులే. మంచు దట్టంగా పట్టేసి నీళ్లెక్కడ అయిపోయాయో గట్టెక్కడ మొదలైందో తెలియడం లేదు. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు లేపే నురగ మాత్రం తెల్లతెల్లగా కనబడుతోంది. ఉండి, భీమవరం, వీరవాసరం, పాలకొల్లు. ఆ తర్వాత పట్టాలు అయిపోయే ఊరు నర్సాపురం. సికింద్రాబాదులో ఎక్కినప్పటి నుంచీ ఒళ్లో పెట్టుకున్న సంచిలో ఒక నోటుపుస్తకం, చిన్న త్రాసు, మాంసంలోకి గుచ్చి వేడి చూసే థర్మామీటరు ఉన్నాయి. ఈసారి పండక్కి తినడానికి కాదు, నేర్చుకోవడానికి వెళ్తున్నాను.

మా నాయనమ్మ పోయి ఆరేళ్లయింది. ఆవిడ క్రిస్మస్ రాత్రికి చేసే రోస్టు రుచి ఎరిగినవాళ్లం ఇంట్లో పదిమందిమి ఉన్నాం. చెయ్యడం వచ్చింది మాత్రం మా మేనత్త ఒక్కదానికే. అత్తకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. "ఈ ఏడు మట్టిదాక ఎత్తలేనేమోనే" అని ఫోనులో అన్న రోజునే టికెట్ తీశాను.

రోస్టు అంటే పెద్దకూర రోస్టు. ఈ మాట ఇలా రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. హైదరాబాదులో ఇల్లు అద్దెకి అడిగినప్పుడల్లా "ఏం వండుతారు?" అంటారు. కోడి అంటాను, వేట అంటాను, చేపలంటాను. మూడో మాట తర్వాత ఆగిపోతాను. చిన్నప్పుడు బడికి డబ్బాలో తీసుకెళ్లిన రోజు మూత సగమే తీసి తినేదాన్ని. మా నాయనమ్మ ఇంట్లో ఏడాదికెల్లా గొప్ప వంట ఇదే. దానికి ఆవిడ పడే శ్రమ, చూపే ఓర్పు కళ్లారా చూసిన నాకు ఆ మూత చాటు ఇప్పటికీ బాధే.

స్టేషన్లో బావ బండితో సిద్ధంగా ఉన్నాడు. ముందు కొట్టుకే వెళ్లాం. పండగ ముందురోజు కదా, ఆ వేళకే జనం. మా వైపు పెద్దకూర అంటే గేదె, దున్న మాంసం. ఆవునీ దూడల్నీ కొయ్యకూడదని 1977 నాటి చట్టం. గేదెల్నీ దున్నల్నీ అయినా, పాడికీ, సేద్యానికీ, ఈతకీ ఇక పనికిరావని ధ్రువపత్రం ఉంటేనే కొయ్యాలి. అంటే కొట్టులోకి వచ్చేది ఎన్నో ఏళ్లు బతికిన పశువు మాంసం. వంట మొత్తం ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుందని అత్త నాకు ముందే చెప్పింది.

"ముందుకాలి జబ్బండి, మూడు కిలోలు. ఎముక తీసేసి, ముక్కలు కొట్టకుండా ఒకటే ముద్దగా ఇవ్వండి" అన్నాను. కొట్టతను కత్తి ఆపి చూశాడు. అందరూ కూరముక్కలే అడుగుతారు. "రోస్టుకాండి? మా చిన్నప్పుడు మిషన్ బంగళా వంటోళ్లు అలా అడిగేవోరంట, మా నాన చెప్పేవోడు" అంటూ జబ్బని జాగ్రత్తగా విడదీశాడు. నేను అడక్కుండానే పిడికెడు కొవ్వు విడిగా పొట్లం కట్టాడు. గేదె మాంసం ఎద్దు మాంసం కంటే ముదురు ఎరుపు. కొవ్వు మాత్రం పసుపు లేకుండా తెల్లగా ఉంటుంది. కండ మధ్యలో చారలుగా ఉండదు, అంచులకే ఉంటుంది. అందుకే విడిగా ఇస్తారు.

అక్కణ్ణుంచి రేవుకి. వశిష్ఠ గోదావరి మీద నర్సాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య పంటు, అంటే బళ్లని కూడా దాటించే పెద్ద పడవ, తిరుగుతుంది. వంతెన వస్తుందని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను, పంటు మీదే దాటుతున్నాను. బళ్లు, ఆటోలు, కేకు పెట్టెలు, వెదురుబద్దలకి రంగు కాగితం అతికించిన నక్షత్రాలు, అన్నీ ఎక్కాక కదిలింది. ఎక్కిన ఒడ్డు పశ్చిమ గోదావరి జిల్లా, దిగే ఒడ్డు కోనసీమ. నీళ్లు నిండుగా, మట్టిరంగులో, తొందర లేకుండా దిగువకి సాగుతున్నాయి. ఇంకొంచెం దిగువన అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. "లోపలికి జరగండమ్మా, ఆయ్" అని పంటు కుర్రాడు అంటుంటే మాంసం ఉన్న స్టీలు క్యానుని కాళ్ల మధ్య పెట్టుకుని కొంగు కప్పాను. కప్పాక గానీ ఆ పని చేశానని నాకు తెలియలేదు.

అత్త వాళ్ల ఊరు మలికిపురం దగ్గర. కొబ్బరితోట మధ్యలో పెంకుటిల్లు, వాకిట్లో డబ్బాలో పాతిన సరుగుడు కొమ్మ. అదే క్రిస్మస్ చెట్టు. చెట్టు కింద ముత్యాల్లాంటి తెల్ల లేసు పరిచి ఉంది. నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్లలాగే అత్త కూడా నలభై ఏళ్లు లేసు అల్లింది.

ఈ వంట మా ఇంటికెలా వచ్చిందో ఆ మధ్యాహ్నం అత్త చెప్పింది. ఇంగ్లాండులోని డెవన్ ప్రాంతం నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు 1836లో భార్యలతో ఈ దేశం వచ్చి నర్సాపురం వైపు పని మొదలుపెట్టారు. అదే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికింకా లేదు, అది 1852లో పూర్తయింది. వాళ్ల తర్వాత ఎన్నో తరాలకి, మా నాయనమ్మ వాళ్లమ్మ ఒక మిషన్ బంగళాలో వంటకి కుదిరింది. టర్కీ కోడి మామూలైపోక ముందు ఇంగ్లాండులో క్రిస్మస్ విందంటే పెద్దబాతో, ఎద్దు మాంసం రోస్టో. ఇక్కడి దొరసానికీ అదే కావాలి.

కానీ ఇక్కడి మాంసం వేరు. వాళ్ల రోస్టుకి బాగా మేపిన పడుచు ఎద్దు, పని తక్కువ చేసే నడుం దగ్గరి మాంసం తీసుకుంటారు. పొయ్యి బాగా వేడెక్కించి, పైన ఎర్రగా కాల్చి, లోపల గులాబీరంగు ఉండగానే దించేస్తారు. లోపలి వేడి 55 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పదేళ్లు బురదలో దమ్ము చేసిన దున్న జబ్బని అలా వండితే చెప్పు నమిలినట్టే. పనిచేసిన కండలో నారల్ని పట్టి ఉంచే గట్టి పొరలుంటాయి. అవి 70 డిగ్రీలు దాటాక నెమ్మదిగా కరిగి జిగురవుతాయి. అందుకు గంటలు పడుతుంది, తడీ ఉండాలి. ఈ లెక్క మా ముత్తవ్వకి తెలియకపోవచ్చు. ఆవిడకి తెలిసింది దిబ్బరొట్టె. గోదారి జిల్లాల్లో మినప్పిండి దిబ్బరొట్టెకి కింద సన్నటి సెగ, మూత మీద నిప్పులు. మూడంగుళాల మందం రొట్టె మాడకుండా లోపలిదాకా ఉడికేది అలాగే. బంగళాలో ఇనప పొయ్యి పాడైన ఏడు, ఆవిడ మాంసాన్ని దాకలో పెట్టి మూత మీద నిప్పులు పోసిందట. దొరసాని ఆ తర్వాత ఇనప పొయ్యి బాగు చేయించలేదట.

ఇక పని. మాంసం తూచాను. మూడు కిలోలకి అత్త చేత్తో తీసిన ఉప్పు నలభై ఆరు గ్రాములు. ఆవిడ తిరిగి మూడుసార్లు తీసినా నలభై ఐదూ నలభై ఎనిమిదీ మధ్యే వచ్చింది. ఉప్పు మాంసమంతా రుద్ది, పైన పల్చటి గుడ్డ కప్పి ఫ్రిజ్‌లో పెట్టాం. ముందురోజే పెడితే మొదట నీరు పైకి ఊరుతుంది, తెల్లారేసరికి ఆ ఉప్పునీరే మళ్లీ లోపలికి ఇంకుతుంది. ఆ రాత్రి కేరల్స్ వాళ్లు మూడు బృందాలు వచ్చారు. చివరి బృందం వెళ్లేసరికి ఒంటిగంట.

25న గుడి నుంచి వచ్చి, మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక, రెండింటికి పెరట్లో కూర్చున్నాం. అత్త సన్నటి చాకుతో మాంసంలో వేలు దూరేంత గాట్లు పెట్టింది. ఒక్కోదాంట్లో ఒక వెల్లుల్లి రెబ్బ, ఒక లవంగం, పుల్లలా కోసిన తెల్లకొవ్వు ముక్క దోపించింది. "కొవ్వు పైన పూస్తే కారిపోద్ది, లోపల దాస్తే లోపలే కరుగుద్ది" అంది. కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, దాల్చినచెక్క పొడి, అల్లం ముద్ద, రెండు నిమ్మకాయల రసం బయట పట్టించింది. కారం లేదు. నేను అడిగాను. "కారం వేస్తే వేపుడవుద్ది. దీనికి మిరియమే ఘాటు" అంది.

కట్టడానికి అరటినార. పూలు కట్టే నారే, గంటసేపు నీళ్లలో నానేసింది. ఎండునార అయితే నూనెలో కాలిపోతుంది. లేసు అల్లిన వేళ్లు కదా, రెండంగుళాలకో ముడి చొప్పున, వదులూ బిగువూ కాకుండా, మాంసం ముద్దని చక్కటి దిండులా కట్టేసింది. నేను కట్టిన రెండు ముడులూ విప్పి మళ్లీ కట్టించింది. "బిగిస్తే రసం పిండినట్టే. పసిపిల్ల మొలతాడులా ఉండాలే."

ఇనప మూకుడులో వేరుశనగ నూనె పొగలొచ్చేదాకా కాగాక, మాంసాన్ని నాలుగువైపులా తిప్పుతూ ఎర్రగా వేయించాం. ఈ పని దాకలో చెయ్యకూడదు, మట్టి పగులుతుంది. తర్వాత దాక అడుగున చిన్న ఉల్లిపాయలు, నాలుగు కొబ్బరి ఈనెలు అడ్డదిడ్డంగా పరిచి, వాటిమీద మాంసం ఆన్చింది. అడుగంటకుండా ఈనెలు, రసానికి ఉల్లిపాయలు. గ్లాసుడు నీళ్లు. మూత అంచుకి గోధుమపిండి ముద్ద చుట్టూ అద్ది మూసేసింది.

నిప్పు మీదే నాకు ఎక్కువ పాఠం జరిగింది. సరుగుడు కర్ర కాలి బొగ్గు కాగానే ఎర్రటి నిప్పులు మూతమీదకి, కాస్త బూడిద పట్టినవి కిందికి. పైన రెండు వంతులు, కింద ఒక వంతు. కొబ్బరిడొప్పలు పెట్టబోతే చెయ్యి పట్టుకుంది. అవి గుప్పున మండి గుప్పున చల్లారతాయి, సరుగుడు నిప్పు నిలబడుతుంది. అరగంటకోసారి పైనివి మార్చడం, గంటకోసారి దాకని పావువంతు తిప్పడం. లోపలికి చూడ్డం లేదు. చెవి దగ్గర పెట్టి వినాలి. సన్నగా కుతకుత వినబడితే సరి, చిటపటమంటే కింద నిప్పు తియ్యాలి. మోకాళ్లు నొప్పన్న మనిషి ఐదుగంటల పాటు ఆ పీట దిగలేదు. నేను నోటుపుస్తకం పక్కన పెట్టేసి ఆవిడ చెవి పెట్టిన చోటే చెవి పెట్టాను. నాలుగోసారికి తేడా తెలిసింది.

ఏడుంపావుకి పిండి పగలగొట్టి మూత తీసింది. కొబ్బరి ఈనె ఒకటి మాంసంలోకి దించింది, అడ్డం లేకుండా దిగింది. "అయిపోయింది" అంది. నేను థర్మామీటరు గుచ్చాను, తొంభై నాలుగు. సాయంత్రమంతా ఆ పరికరం ముట్టనిదానికి ఆ ఒక్క అంకె చాలు. అత్తకి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఇది నువ్వు రాసుకో, నాకు ఈనె చాలు" అంది.

వెంటనే కొయ్యలేదు. వాడ్చిన అరటాకులో చుట్టి ఇరవై నిమిషాలు పక్కన పెట్టింది. ఈలోగా అడుగున మిగిలిన రసాన్ని ఉల్లిపాయలతో సహా మెదిపి, మరిగించి చిక్కబరిచాం. కండ నారకి అడ్డంగా పల్చగా కోస్తే ఒక్కో ముక్క అంచున నల్లగా, లోపల గోధుమరంగులో, మధ్యలో కరిగిన కొవ్వు మెరుస్తూ విడివడింది. ముద్దలో మొదట మిరియం తగిలింది, తర్వాత లవంగం, ఆ తర్వాత చాలాసేపు మాంసమే. నాయనమ్మ ఉన్నప్పటి రుచే. బావ మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకున్నాడు. పక్కింటి పిన్నిగారు ఇది తినరు. ఆవిడకి అత్త వేరే పొయ్యి మీద, వేరే గిన్నెలో కోడికూర చేసి ఉంచింది, ముందు ఆవిడకే పెట్టింది. ఆవిడ మా మధ్యే కూర్చుని తిని, మర్నాటికి మా పిల్లల కోసం పాకుండలు పంపిస్తానంది.

26 పొద్దున బూడిద కదిపితే ఇంకా నిప్పు ఉంది. అత్త దానిమీదే దిబ్బరొట్టె వేసింది. అదే మూత, మూతమీద అవే నిప్పులు. కరకరలాడే పెచ్చుతో చల్లటి రోస్టు ముక్క, పైన వేడిచేసిన రసం. రోస్టు రాత్రికంటే ఇప్పుడే బాగుందని నా అభిప్రాయం. మిగిలింది అరటాకులో చుట్టి క్యానులో పెట్టింది అత్త.

పంటు మీద క్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, కొంగు కప్పలేదు. పక్కన కూర్చున్న ముసలావిడ "ఏంటమ్మా, ఇంత వాసనొస్తంది?" అని అడిగింది. "పెద్దకూర రోస్టండి, మా అత్త చేసింది" అన్నాను. "మిరియాలెక్కువేసినట్టున్నారే" అంది ఆవిడ.

నడి గోదారిలో ఉండగా అత్త ఫోన్ చేసింది. "ఒకటి చెప్పడం మర్చిపోయానే. ఈస్టరుకి చేస్తే రాత్రి ఉప్పు పెట్టకు. ఎండలకి కరెంటు పోద్ది, ఫ్రిజ్ ఆగిపోద్ది. పొద్దున్నే పెట్టి ఓ పది గ్రాములు ఎక్కువెయ్యి. గ్రాములని రాసుకుంటావు కదా, రాసుకో."

పుస్తకం తీసి రాసుకున్నాను.