వైజాగ్ పాత టౌన్‌లో ఒక బీరువా నిండా క్రిస్మస్

డిసెంబర్ చివర్లో వైజాగ్ వెళ్దాం అనుకునేవాళ్లకి ముందే చెప్తున్నా, రూమ్ రేట్లు వింటే కళ్లు తిరుగుతాయి. మామూలు రోజుల్లో పన్నెండొందలకి దొరికే లాడ్జి గది మూడు వేలు చెప్తున్నారు, అదీ ఏసీ లేకుండా. నాకు మహారాణిపేటలో పిన్ని వాళ్లిల్లు ఉంది కాబట్టి బతికిపోయా. రత్నాచల్‌లో రాజమండ్రి నుంచి తుని దాకా నిలబడే వచ్చా, స్టేషన్ బయటికొస్తే ఆటో అతను రెండొందల యాభై అన్నాడు, ఇదేంటి బాబూ ఇంత దగ్గరకి అంటే "పండగ కదమ్మా, మాకూ పిల్లలున్నారు" అన్నాడు, ఇంకేం మాట్లాడతాం.

బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి అన్నీ చూశాం, వాటి గురించి కొత్తగా రాయడానికి ఏం లేదు. ఒక మాల్‌లో రెండంతస్తుల ప్లాస్టిక్ చెట్టు, థర్మాకోల్ మంచు, క్రిస్మస్ తాతతో ఫొటోకి వంద రూపాయలు. నాకు అక్కడ నిజంగా మనసు పాడైంది. మా తాతయ్య డిసెంబర్ ఒకటో తారీఖున వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం తెచ్చి, మైదా జిగురు ఉడికించి స్టార్ కట్టేవాడు, లోపల నలభై క్యాండిల్ బల్బు. ఆ స్టార్ ఒక్కటి కూడా ఇప్పుడు మా ఇంట్లో లేదు, కనీసం ఫొటో కూడా లేదు.

మర్నాడు విశాఖ మ్యూజియంకి వెళ్లాం. పాత డచ్ బంగ్లా అది, 1942లో జపాన్ వాళ్లు ఈ ఊరి మీద వేసిన బాంబు ఒకటి అందులో ఉంది, దాని చుట్టూ పిల్లలు మూగిపోయారు. నేను స్టార్ సంగతి మళ్లీ ఎత్తేసరికి పిన్ని అంది, "బాంబుని ఇన్నేళ్లు దాచినప్పుడు స్టార్‌ని దాచలేరా ఏంటే, మా టీచర్ గారు దాచారు, రేపు పద చూపిస్తా" అని. టీచర్ గారంటే పిన్ని వాళ్ల చర్చిలో పెద్దావిడ, రిటైరై చాలా ఏళ్లయింది, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

పూర్ణా మార్కెట్ దాటి టౌన్ కొత్త రోడ్డు వైపు నడిచే వెళ్లాం. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకన్న గుడి, మూడూ హార్బర్ ముఖద్వారానికి ఎదురుగా ఉంటాయి, మీరు చూసే ఉంటారు. సందుల్లో ఎండుచేపల వాసన, ఎక్కడో గులాబీ పువ్వులు వేయిస్తున్న నూనె వాసన. రెండు సందులు తిరిగితే టీచర్ గారిల్లు.

"వందనాలమ్మా, రా, ముందు ఫ్యాన్ కింద కూర్చో, మంచినీళ్లు తాగు, చేతులు కడుక్కుని అప్పుడు చూద్దువుగాని" అన్నారు. చేతులు కడుక్కోవడం మర్యాద కోసం కాదట, చేతి చెమట, నూనె కాగితానికి విషం అంట. తువ్వాలు కూడా ఇచ్చి పూర్తిగా ఆరాకే బీరువా తీశారు.

స్టీలు బీరువా అది, గోడకి జానెడు దూరంగా, ఇటుకల మీద ఎత్తి పెట్టారు. చెక్క బీరువా అయితే చెదలు, పైగా చెక్కలోంచి వచ్చే ఆమ్లం కాగితాన్ని పసుపు చేస్తుందట. లోపల ఏముందో చెప్తే ఒక రోజు పడుతుంది. 1950ల నుంచి వచ్చిన గ్రీటింగ్ కార్డులు, సండే స్కూల్ నాటకాల చేతిరాత పుస్తకాలు (గొల్లల డైలాగులు ఎర్ర ఇంకులో, జ్ఞానులవి నీలం ఇంకులో), పెట్రోమాక్స్ లైటు పట్టుకుని క్యారల్స్‌కి వెళ్లిన కుర్రాళ్ల ఫొటోలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పశువుల పాక బొమ్మలు, ముక్కు విరిగిన ఒంటెతో సహా. వాల్తేరు రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఊరు వదిలిపోతూ ఇచ్చిన గాజు బుడగలు కూడా ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో మెత్తటి నూలు గుడ్డలో.

ఆ బుడగల్ని తడి గుడ్డతో తుడవకూడదంట, పైన వేసిన రంగు ఊడొచ్చేస్తుంది. లోపలి మెరుపు వెండి పూత. ఇలాంటివి చేసే పని జర్మనీలో లౌషా అనే ఊళ్లో 1847 ప్రాంతంలో మొదలైందని చెప్పారు. ఆవిడ మేనల్లుడు ఆ దేశంలో ఉద్యోగం, రోథెన్‌బర్గ్‌లో 2000లో తెరిచిన క్రిస్మస్ మ్యూజియం ఫొటోలు పంపించాడట, అది ఏడాది పొడవునా క్రిస్మస్ సామాన్లమ్మే కేథే వోల్‌ఫార్ట్ వాళ్ల పెద్ద షాపులోనే ఉంటుంది. "చూడమ్మా, వాళ్లు ఇంట్లో వాడి పారేసిన కొవ్వొత్తి క్లిప్పులు కూడా అద్దం వెనకాల పెట్టారు, మనం పారేసేవి మాత్రం మనకి చెత్త" అన్నారు. మొదటి క్రిస్మస్ కార్డు సంగతీ అంతే కదా, 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వెయ్యి అచ్చేయించాడు, తర్వాత ఆయనే పెద్ద మ్యూజియంకి డైరెక్టర్ అయ్యాడు, అయినా ఆ వెయ్యిలో ఇప్పుడు మిగిలినవి చాలా కొద్ది. లండన్‌లోనే అలా అయితే ఉప్పుగాలి కొట్టే వైజాగ్‌లో ఎంత కష్టమో ఆలోచించండి. ఇక్కడ గుండుసూది కూడా ఒక్క వానాకాలానికి తుప్పు పడుతుంది, ఆ తుప్పు కార్డులో రంధ్రం చేస్తుంది, అందుకే ఆవిడ చేసే మొదటి పని పిన్నులు, స్టేపుల్స్ తీసేయడం.

సెల్లోటేప్ పేరెత్తితే ఆవిడకి కోపం వచ్చింది. టేపు ఎండిపోయి ఊడిపోతుంది కానీ జిగురు మరక మాత్రం గోధుమ రంగులో ఉండిపోతుంది, అది పోదు. లామినేషన్ ఇంకా ఘోరం, ఒకసారి చేశాక వెనక్కి తీయలేం. ప్లాస్టిక్ ఆల్బమ్ షీట్లకి కార్డు అంటుకుపోతుంది. ఆవిడ వాడేది ఆమ్లం లేని కాగితం, ఆర్డర్ పెట్టి తెప్పించుకుంటారు, ఖరీదు పెన్షన్‌లోంచే. తేమ పీల్చే సిలికా జెల్ సంచులు నీలం నుంచి గులాబీకి మారగానే వేడి చేసి మళ్లీ పెడతారు.

నన్ను కదిలించింది మాత్రం హుద్‌హుద్ తుఫాను సంగతి. 2014 అక్టోబర్ 12. కిటికీ అద్దాలు పగిలి వాన నేరుగా గదిలోకి, బీరువా కింది అర మొత్తం నీళ్లు. కరెంటు లేదు, రోజుల తరబడి లేదు, ఆ రోజులు వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. తడిసిన కార్డుల్ని ఎండలో పెడితే వంకరపోతాయి, రంగు పోతుంది, అలాగే వదిలేస్తే రెండ్రోజుల్లో బూజు. ఆవిడ పక్కింటివాళ్లని పిలిచారు. హిందువులు, ముస్లింలు, వాళ్లూ వీళ్లూ లేదు, అందరూ కూర్చుని మంచం మీద బ్లాటింగ్ కాగితాలు పరిచి, ఒక్కో కార్డూ విడదీసి, తాటాకు విసనకర్రలతో విసిరారు. తాగడానికి నీళ్లకి క్యూలో నిలబడి వచ్చి మళ్లీ విసరడం. అలా చాలావరకు బతికాయి, సండే స్కూల్ పుస్తకాల్లో ఎర్ర ఇంకు రాసినవి మాత్రం చెదిరిపోయాయి. ఆ చెదిరిన పేజీలు కూడా ఆవిడ పారేయలేదు, తుఫాను కూడా చరిత్రే కదమ్మా అన్నారు.

స్టార్ గురించి అడిగా. ఒక్కటే ఉంది. ఎందుకు ఒక్కటే అంటే మైదా జిగురుకి పురుగు పడుతుంది, పురుగు పట్టనివి సంక్రాంతికి పిల్లలు భోగి మంటలో వేసేసేవారు. మా ఇంట్లోవీ అలాగే పోయి ఉంటాయి, ఆ మాట విన్నాక చాలాసేపు ఏం మాట్లాడలేకపోయా. ఆ ఒక్క స్టార్‌ని విప్పి, బద్దలు వేరుగా, కాగితం వేరుగా పరిచి పెట్టారు, ఎలా కట్టాలో పక్కనే బొమ్మ గీసి ఉంది.

ఒక పెద్ద రిజిస్టర్ ఉంది ఆవిడ దగ్గర. వస్తువు, ఎవరిచ్చారు, ఏ ఏడాది, వాళ్లేం చెప్పారు, అన్నీ పెన్సిల్‌తోనే, పెన్ను ఇంకు తడిస్తే పాకుతుంది కాబట్టి. "ఎవరిదో చెప్పకుండా సామాను ఇస్తామంటే నేను తీసుకోనమ్మా" అన్నారు. రిజిస్టర్ మొదటి పేజీలో వస్తువు లేదు, 1805లో లండన్ మిషన్ తరఫున ఈ ఊరొచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీల గురించి రాసుకున్నారు. వాళ్లు ఆనందరాయర్ అనే ఆయన సాయంతో ఇక్కడ చేసిన తెలుగు సువార్తలు (బైబిల్లో యేసు జీవితం చెప్పే పుస్తకాలు) 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, అందులో లూకా కూడా ఉంది, అంటే యేసు పుట్టిన పశువుల తొట్టి కథ తెలుగులో అచ్చెక్కడానికి పని జరిగింది ఈ ఊళ్లోనే. ఆ అచ్చు చూడకుండానే ఇద్దరూ పోయారు. రాజమండ్రిలో పుట్టి పెరిగి ప్రతి డిసెంబర్‌లో లూకా రెండో అధ్యాయం విన్నదాన్ని, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

మీ తర్వాత ఎవరు చూస్తారండీ అని అడిగా. చర్చి హాలు పక్కన ఖాళీ గది ఒకటుంది, అడిగితే కమిటీవాళ్లు ముందు కొత్త సౌండ్ సిస్టం అన్నారట. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు అద్దాల బీరువాలు, గాలిలో తేమ తీసే డీహ్యుమిడిఫయర్ ఒకటి, వారానికోసారి తెరిచి చూసే మనిషి, ఇంతే కదా కావాల్సింది. సెమీ క్రిస్మస్ విందుల్లో ఒక పూట బిర్యానీ ఖర్చు కాదు అది. ఆవిడ మాత్రం కోప్పడలేదు, ఇద్దరు డిగ్రీ పిల్లలకి స్కానింగ్ నేర్పిస్తున్నారు, అన్ని కార్డులూ ముందూ వెనకా స్కాన్ చేసి రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఊళ్లో ఉంచారు, మళ్లీ తుఫానొస్తే అని.

లేవబోతుంటే టీచర్ గారు రిజిస్టర్ మళ్లీ తెరిచి, "మీ రాజమండ్రిలో చెట్టుకి సరుగుడు కొమ్మే పెట్టేవారా, వేరేదా?" అన్నారు. నాకు గుర్తులేదు, అక్కడినుంచే అమ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టా. అమ్మ సరుగుడే, గోదారి ఇసక తెచ్చి అందులో పాతేవాళ్లం అంది. పక్కనుంచి పిన్ని కాదక్కా, నాన్న నిమ్మకొమ్మ తెచ్చి దూది అంటించేవాడు, ముల్లు గుచ్చుకుని నేను ఏడ్చా అంది. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు, టీచర్ గారు ఒక్కసారి కూడా ఆపకుండా ఇద్దరివీ రాసుకుని, ఏ ఏడాదో చెప్పండమ్మా, అది ముఖ్యం అన్నారు.