ఒకే పళ్లెం

నలుగురం ఒకే పళ్లెంలో చేతులు పెట్టి మండి అనే అరబ్బు మాంసం అన్నం తిన్నాం: నేను, మా ఆయన, మరిది, తోడికోడలు. 2024 మే నెల, హనుమకొండలో ఎండలు దంచుతున్న రోజులు. పక్కన చిన్న గిన్నెలో మయోనైజ్. అది ఎప్పటి నుంచి బయట ఉందో మేం అడగలేదు. మర్నాడు మా ఆయనకు రెండు విరేచనాలయ్యాయి, అంతే. మిగతా ఇద్దరికీ అదీ లేదు. నేను మాత్రం సాయంత్రానికి మంచం దిగలేకపోయాను.

ముందు కడుపులో దేవింది. తర్వాత వణుకుతో జ్వరం, ఆ వెనకే నీళ్ల విరేచనాలు. పద్నాలుగు దాకా లెక్కపెట్టి వదిలేశాను. తెల్లవారుజాముకి నాలుక పిడచకట్టుకుపోయి, మంచినీళ్లు అడుగుదామన్నా మాట పెగల్లేదు. అత్తమ్మ నా పొట్ట మీద చర్మం పట్టి, లాగి వదిలింది. మడత మడతలాగే నిలబడిపోయింది. "అరేయ్, జల్ది ఆటో పిలువు" అని కొడుకుని కేకేసింది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. మలం కల్చర్ రిపోర్టులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉందని వచ్చింది. "ఈమధ్య ఏమైనా మందులు వాడినవా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. వారం కిందటే పన్ను నొప్పికి మెడికల్ షాపులో అడిగి అమాక్సిక్లావ్ అనే యాంటీబయాటిక్ తెచ్చుకుని ఐదు రోజులు మింగాను. చీటీ లేదు, ఏ డాక్టరూ చూడలేదు. ఆమె కాసేపు ఏమీ అనలేదు. "మయోనైజ్ నువ్వే ఎక్కువ తిన్నవేమో, ఖాయంగా చెప్పలేను. కానీ పేగుల్లో కాపలా ఉండే బ్యాక్టీరియాను ఆ మాత్రలు చాలావరకు ఊడ్చేస్తయి" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక దొరికినదల్లా చదివాను. 1954లోనే చికాగోలో బోన్‌హాఫ్, డ్రేక్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు చిట్టెలుకల మీద దీన్ని చూపించారు. మామూలు చిట్టెలుకలకు సాల్మొనెల్లా సోకాలంటే సుమారు లక్ష క్రిములు కావాల్సి వచ్చింది. ముందుగా స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన వాటికి పది కూడా అక్కర్లేకపోయింది. ఆ లక్ష, పది అన్న అంకెల దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

పెద్దపేగులోని మంచి బ్యాక్టీరియా మనం అరిగించుకోలేని పీచును తిని బ్యుటిరేట్ అనే ఆమ్లం తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. దాన్ని వాడుకునేటప్పుడు ఆ కణాలు ఆక్సిజన్‌ను ఖర్చుచేస్తాయి, లోపలికి పోనివ్వవు. ఆక్సిజన్ లేకపోతే సాల్మొనెల్లాకు పెరగడం కష్టం. కాపలా పోతే ఆక్సిజన్ లోపలికి జారుతుంది, తిండీ చోటూ ఖాళీగా దొరుకుతాయి.

డాక్టరమ్మ నాకు మళ్లీ యాంటీబయాటిక్ రాయలేదు. అప్పుడు కోపమొచ్చింది, ఇంత బాధపడుతుంటే నీళ్లతో సరిపెడుతున్నారే అని. నాలాంటి వాళ్లకు సాల్మొనెల్లా పేగు దాటి రక్తంలోకి పోకపోతే, ఆ మందు విరేచనాలను తొందరగా తగ్గించదట. పైగా క్రిమి మలంలో ఇంకా ఎక్కువ రోజులు ఉండిపోవచ్చట. పసిపిల్లలకు, ముసలివాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకు లెక్క వేరే. నన్ను లేపి కూర్చోబెట్టింది మాత్రం సెలైన్, ఓఆర్‌ఎస్.

జ్వరం నాలుగో రోజు పోయింది. కడుపు మాత్రం చాలా వారాలు నాది కాదన్నట్టే ఉంది. పాలు పడలేదు, కప్పు టీ తాగినా గుడగుడలే. జబ్బు చేశాక పాలను అరిగించే శక్తి కొన్నాళ్లు తగ్గుతుందట. పెరుగు మాత్రం పడింది.

అత్తమ్మ రోజూ రాత్రి పాలు కాచి, చిటికెన వేలు ముంచి చూసేది. వేలు చురుక్కుమనకుండా వెచ్చగా ఉంటే అర చెంచా తోడు వేసి, గిన్నెకు గుడ్డ చుట్టి బియ్యం డబ్బా పక్కన పెట్టేది. పొద్దున ఆ పెరుగు చిలికి, ఉప్పేసి, గ్లాసుడు మజ్జిగ నా చేతికిచ్చేది. అందులోని బ్యాక్టీరియా నా పేగుల్లో కాపురం పెడుతుందని డాక్టరమ్మ చెప్పలేదు. పోయినవి తిరిగి పెరగడానికి పీచు తినమంది. మెల్లమెల్లగా పెసరపప్పు, అరటికాయ, చివరికి జొన్నరొట్టె మొదలుపెట్టాను.

ఆ అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. వార్త చూసి మా ఆయన ఏమీ మాట్లాడకుండా ఫోను నా వైపు తిప్పాడు.

పాలతో టీ మళ్లీ తాగింది మాత్రం అంతకు చాలా ముందే, ఏడో వారంలో. అర కప్పు. తాగి, పొట్ట మీద చెయ్యి వేసుకుని గంటసేపు కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు.